గూడబాతుకు సత్తు కడియం

అటవీ శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను గానీ, నేను అడవి చూసింది తక్కువ. గుమాస్తాను కదా, నా అడవంతా బీరువాల్లో ఉండేది. వెదురు పర్మిట్లు, కలప వేలాలు, ఎవరి మేకలో రిజర్వు అడవిలో పడి మేశాయని జరిమానాలు, ఆ జరిమానాలు మాఫీ చెయ్యమని అర్జీలు. ఇప్పుడు ఈ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కనబడి, "మీరు పులిని చూశారా గురువుగారూ?" అని అడిగితే, చూశాను నాయనా, ఫైల్లో చూశాను, అంటాను. వాళ్ళు నవ్వుతారు. నవ్వనీండి. పులిని చూడలేదన్న బెంగ నాకు లేదు. ఒక గూడబాతును చూశాను. దాని పుణ్యమా అని కొందరు మనుషుల్ని చూశాను. ఆ సంగతి చెబుతాను, పనికొస్తే పుచ్చుకోండి.

యాభైల్లో మాట. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడి, ఏ కాగితం ఏ ఊరికి పంపాలో పైవాళ్ళకే సరిగ్గా తెలియని రోజులు. నేను టెక్కలిలో రేంజి ఆఫీసులో చేరి ఎంతో కాలం కాలేదు. మా రేంజరుగారు గోదావరి మనిషి. చాలా మంచివాడు, అంతకంటే ఎక్కువ భయస్తుడు. పైనుంచి కవరు వస్తే ముందు మంచినీళ్ళు తాగి, ఆ తర్వాత విప్పేవాడు. ఆ రోజు విప్పి చదివి, మళ్ళీ నీళ్ళు అడిగాడు.

"రష్యా నుంచి ఒక శాస్త్రవేత్త వస్తున్నాడటయ్యా. ఆయనతో బొంబాయి నుంచి ఇంకో పెద్దమనిషి. నౌపడ పక్కన ఏదో ఊళ్ళో గూడబాతు పిల్లల కాళ్ళకి ఉంగరాలు తొడుగుతారట. మనం సదుపాయాలు చెయ్యాలట" అన్నాడు.

"గూడబాతులకి ఉంగరాలెందుకు సార్?"

"నన్నడిగితే? మనకి రేషను కార్డు మీద నంబరు ఉన్నట్టు వాటి కాలికి నంబరు ఉంటుందట. ఏ దేశంలో ఎవరికి దొరికినా ఆ నంబరు చూసి బొంబాయికి రాయాలని అన్ని దేశాల వాళ్ళూ ఒప్పందం చేసుకున్నారట. దాన్నిబట్టి పక్షి ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్ళిందో తెలుస్తుందట."

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే ఆ గూడబాతులు అడవిలో లేవు. ఊళ్ళో, జనం పెరళ్ళలో, చింతచెట్ల మీద ఉన్నాయి. అడవిలో లేని పక్షికి అటవీ శాఖ చేసే సదుపాయం ఏముంటుంది? రేంజరుగారు చాలాసేపు గోడవంక చూసి, నావంక తిరిగాడు. "అన్నట్టు, మీ అక్కగారిని ఇచ్చింది ఆ ఊరే కదూ?" అన్నాడు. అలా నేనే సదుపాయాన్నయ్యాను.

మాది నిమ్మాడ. వ్యవసాయం ఇల్లు. మా అప్పను ఇచ్చిన ఊరు అక్కడికి ఎంతో దూరం కాదు. నౌపడ ఉప్పు మడులు దాటి, చిత్తడి నేలల అంచున ఉంటుంది. వానలు వెనకబట్టగానే గూడబాతులు గుంపులుగా వచ్చి ఆ ఊరి చింతచెట్ల మీద దిగేవి. గూళ్ళు కట్టి, పిల్లల్ని లేపి, ఎండలు ముదరగానే పిల్లలతో సహా వెళ్ళిపోయేవి. అవి ఉన్నన్నాళ్ళూ ఊరంతా చేపల కంపు. ఇంటి కప్పులన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా రెట్టలు. ఉతికిన బట్ట చెట్టు కింద ఆరేస్తే మళ్ళీ ఉతుక్కోవలసిందే. అయినా ఎవరూ విసుక్కునేవారు కాదు. అవి పురిటికి వచ్చిన ఆడపిల్లలని ఊరి నమ్మకం. పురిటి ఇంట్లో ఎలా మసులుతారో అలాగే మసిలేవారు. పిల్లలు గూళ్ళలో ఉన్నప్పుడు పెళ్ళి జరిగితే మేళం ఊరి బయటే ఆపేసేవారు. వాటిని లెక్కపెట్టేవారు కాదు. పిల్లల్ని లెక్కపెడితే దిష్టి తగులుతుందని. మా రేంజరుగారు ఒకసారి ఏదో నివేదిక కోసం ఎన్ని పక్షులున్నాయని కబురుపెడితే, ఊరి పెద్ద "సాలా ఉన్నాయి" అని జవాబు పంపాడు. పాపం రేంజరుగారు అంకెలు వేయవలసిన చోట "చాలా" అని రాసి పైకి పంపాడు. పైవాళ్ళు ఏమీ అనలేదు. చదివి ఉండరు.

ఆ ఊళ్ళో అన్నిటికంటే పెద్ద చింతచెట్లు మా అప్ప అత్తగారి పెరట్లో ఉండేవి. ఆవిడ ఊరికి మంత్రసాని. ఊళ్ళో సగంమంది ఆవిడ చేతిలో పడ్డవాళ్ళే. అందుకని ఎంత పొడుగు మీసాలవాడైనా ఆవిడ ముందు కొంచెం వంగి నడిచేవాడు. నాకూ భయమే. మా అప్ప పెళ్ళిలో నన్ను ఎగాదిగా చూసి, "ఈ గుంటడు నాలుగు ముద్దలు ఎక్కువ తింతే గాని గాలికి నిలవడు" అన్న మనిషి.

సంగతి చెప్పడానికి వెళ్ళిన రోజు ఆవిడ అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. నా వెనకే ఊళ్ళో మగవాళ్ళు పదిమంది చేరారు. నేను చెప్పింది విని మా బావ వరసవాడొకడు పగలబడి నవ్వాడు.

"ఆపీసులో పని నేదేటి బావా? పచ్చుల కాళ్ళు పట్టుకుంతన్నావు!"

మిగతావాళ్ళు నవ్వలేదు. మనిషి చెయ్యి తగిలిన పిల్లను తల్లి దగ్గరకు రానివ్వదని ఒకాయన అన్నాడు. తల్లి ఉసురు తగిలితే మరుసటేడు పక్షులు ఊరు మారతాయని ఇంకొకాయన అన్నాడు. అవి రాని ఏడు పంట ఉండదని ఆ ఊళ్ళో పసిపిల్లకి కూడా తెలుసు. మా అప్ప గుమ్మంలో చేటతో చెరుగుతూ నిలబడి, నన్ను ఇక లేచి వెళ్ళమని కళ్ళతోనే సైగ చేస్తోంది.

అప్పుడు అత్త అడిగింది. "ఆ కడియం ఏత్తే ఏటౌతాది?"

"ఎక్కడ ఎవులికి అగుపించినా బొంబాయికి రాత్తారత్తా. ఆల్లు మనకి రాత్తారు."

"అయితే, ఇక్కడ్నించి ఏ ఊరెల్తన్నాయో తెలుత్తాదా?"

"తెలుత్తాది."

పిక్కలు తీస్తున్న చేతులు ఆగిపోయాయి. మా అప్ప చెరుగుడు ఆపేసింది. మగవాళ్ళు నేలచూపులు చూశారు. ఎందుకో నాకూ తెలుసు. ఆవిడకు ఒక్కతే కూతురు. యుద్ధానికి ముందు పెళ్ళి చేసి, మొగుడితో రంగూన్ పంపింది. రంగం అనేవారు మావాళ్ళు. ఉద్దానం ఊళ్ళలో రంగం వెళ్ళినవాడు లేని ఇల్లు ఉండేది కాదు ఆ రోజుల్లో. అల్లుడు అక్కడ బియ్యపు మిల్లులో పని. ఆ తర్వాత యుద్ధం వచ్చి, బాంబులు పడి, జనం కొండలూ అడవులూ దాటుకుని కాలినడకన వచ్చేశారు. కొందరు వచ్చారు, కొందరు దారిలో పోయారు, కొందరు అక్కడే ఉండిపోయారు. ఈ పిల్ల ఏ లెక్కలో ఉందో ఎవరూ చెప్పలేదు. చచ్చిపోయిందని చెప్పినవాడు లేడు, బతికుందని చెప్పినవాడు లేడు. ఏటా ఎండల్లో గూడబాతులు లేచిపోయేటప్పుడు ఆవిడ పెరట్లో నిలబడి, "ఏ ఊరెల్తన్నారో సెప్పి ఎల్లండే" అని వాటిని కేకేసేదని మా అప్ప నాతో చెప్పింది.

"ఏయనీ" అంది అత్త. "ఆడపిల్లని పంపినాక ఎక్కడున్నాదో తెల్సుకోడం తప్పేటి? గాని నాను సెప్పినట్టు సెయ్యాల."

షరతులు చెప్పింది. పురుడు వెళ్ళే దాకా, అంటే పిల్లలకి ఈకలు వచ్చేదాకా, ఎవరూ చెట్టెక్కకూడదు. వచ్చిన దొరలు స్నానం చేసి పెరట్లోకి రావాలి. పిల్లను మొదట తనే ముట్టుకుంటుంది. ఎన్ని పిల్లలకి కడియాలు వేశారో పైకి అనకూడదు. నేను అన్నిటికీ తలూపాను. తిరిగి వెళ్ళి చెబితే రేంజరుగారు, "రష్యా దొరని స్నానం చేసి రమ్మని ఎవరు చెబుతారయ్యా?" అని తల పట్టుకున్నాడు. ఎవరు చెబుతారు? సదుపాయమే చెప్పాలి.

వాళ్ళు నౌపడ స్టేషనులో దిగారు. రష్యా ఆయన తలుపంత మనిషి. ఎండకి ముఖం అప్పటికే కందిపోయింది. ఇంగ్లీషు కూడబలుక్కుని మాట్లాడేవాడు. బొంబాయి ఆయన బక్కగా, నెమ్మదిగా ఉండేవాడు, మెడలో ఎప్పుడూ దుర్భిణి. నేను స్నానం సంగతి నసుగుతూ చెప్పాను. రష్యా ఆయన విని, మా దేశంలో కూడా పసిపిల్ల ఉన్న ఇంటికి బయటి దుమ్ముతో వెళ్ళనివ్వరు, అన్నాడు. రేంజరుగారు ఊపిరి పీల్చుకున్నాడు.

అయితే టెక్కలి బంగళాలో ఆ సాయంత్రం ఆయన ఇంకో మాట అన్నాడు. అది విని రేంజరుగారి ప్రాణం మళ్ళీ ఉసూరుమంది. ఈ పక్షులు రష్యా నుంచే వస్తాయని ఊరంతా చెప్పుకునేవారు. అంత దూరం నుంచి మా చెట్లను వెతుక్కుంటూ వస్తాయని మా అందరికీ గర్వం. ఆయనేమో, "పక్షి ఎక్కడ గూడు కడితే అదే దాని దేశం. ఇవి మీ పక్షులే. మా దేశానికి వస్తాయని నేననుకోను. మిగతా నెలలు ఎక్కడుంటాయో మాత్రం నాకూ తెలియదు, మీకూ తెలియదు. అది తెలుసుకోవడానికే వచ్చాను" అన్నాడు.

"ఆ మాట ఊళ్ళో అనకు" అని రేంజరుగారు నా చెవిలో చెప్పాడు. నేను మర్నాడే అత్తకు చెప్పేశాను. ఆవిడేం ఆశ్చర్యపోలేదు. "అదే కదా నానంతన్నాది. పుట్టిల్లు ఇదే. అత్తోరిల్లే తెల్దు" అంది. అంత చదువుకున్న ఆయనా, ఏమీ చదువుకోని ఈవిడా ఒకే మాట అనడం నాకు వింతగా తోచింది.

కడియాలు వేసిన రోజు పండగలా గడిచింది. చెట్టెక్కడానికి ఉద్దానం కొబ్బరితోటల నుంచి కాయలు దింపేవాణ్ణి పిలిపించాం. సన్నటి మనిషి, మాటలు తక్కువ. పైనుంచి తాడుకు కట్టిన బుట్టలో ఒక్కో పిల్లను కిందికి దించేవాడు. అత్త పసుపు వేళ్ళతో దాని నెత్తి ముట్టుకునేది. రష్యా ఆయన పిల్లను ఒళ్ళో పట్టుకునేవాడు. బొంబాయి ఆయన పటకారుతో సత్తు కడియాన్ని కాలికి వేసి, అది బిగుసుకోకుండా వేలితో తిప్పి చూసేవాడు. తర్వాత పిల్ల మళ్ళీ బుట్టలో పైకి. చుట్టూ జనం. పక్షిపిల్లలు వాంతి చేసిన చేపలతో దొరగారి చొక్కా తడిసి కంపు కొడుతున్నా ఆయన ముఖంలో నవ్వు పోలేదు.

చివర్లో ఒక పిల్ల దిగింది. మిగతావాటికంటే బొద్దుగా, కళ్ళు మిలమిలలాడుతూ ఉంది. రష్యా ఆయన దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, "ఎంత అందమైన పిల్ల! ఇంత ఆరోగ్యంగా ఉన్న పిల్లను ఇన్నేళ్ళలో చూడలేదు!" అన్నాడు. దుబాసీని కదా, ఒక్క అక్షరం పోనివ్వకుండా తెలుగులో గట్టిగా చెప్పేశాను.

ఆడవాళ్ళ ముఖాలు మాడిపోయాయి. మా అప్ప నా జబ్బ గిల్లి, "నీ నోట్లో మన్నెయ్య! పసిపిల్లని పట్టుకుని ఆ మాటలేటి?" అంది. అత్త మాత్రం చటుక్కున లేచింది. ఇంట్లోకి వెళ్ళి వచ్చి, ఆ పిల్లను కాసేపు తన ఒళ్ళో పెట్టుకుని, తనే బుట్టలో పెట్టింది. నాకు దొరగారి వెనక తిరగడమే సరిపోయింది, ఆవిడేం చేసిందో చూడలేదు.

ఒకటి రెండు రోజులు గడిచాక, పొద్దున్నే మా బావ సైకిలు మీద బంగళాకి వచ్చాడు. దిగకుండానే, "పిల్ల కొమ్మకి తలకిందులుగా ఏలాడిపోతన్నాది, రండి!" అని కేకవేశాడు. అందరం జీపులో పడ్డాం.

వెళ్ళేసరికి ఊరు ఊరంతా చెట్టు కింద ఉంది. పైన, అందనంత ఎత్తులో, ఆ బొద్దుపిల్లే. ఒక కాలు కొమ్మ చీలికలో ఇరుక్కుని, తల కిందికి వేలాడుతూ, రెక్కలు టపటపా కొట్టుకుంటోంది. తల్లి చెట్టు చుట్టూ తిరుగుతోంది, దిగలేకపోతోంది. కొబ్బరి దింపేవాడు అప్పటికే చెట్టు ఎక్కుతున్నాడు.

"కడియం కొమ్మకి తగులుకున్నాది!" అని ఎవరో అరిచారు. అంతే, ఇంక ఎవరి నోరూ ఆగలేదు. అన్ని పిల్లల్నీ దింపి కడియాలు కోసెయ్యాలన్నారు. ఈ పిల్ల చస్తే ఆ పాపం ఎవరిదన్నారు. మొన్న నాతో వేళాకోళమాడినవాడే మా బావ ముఖం మీదే, "నీ బావమరిది తెచ్చిన పీడ ఇది. పచ్చులెల్లిపోతే నీ ఇంటి గుమ్మం తొక్కం" అన్నాడు. మా బావ తలెత్తలేదు. మా అప్ప కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. జీవితాంతం ఆ ఊళ్ళో బతకవలసింది అది. నేను సాయంత్రం టెక్కలి పోతాను, దొరలు రేపు రైలెక్కుతారు.

బొంబాయి ఆయన పటకారు బయటికి తీశాడు. రష్యా ఆయన ముఖం పాలిపోయింది. "తప్పు ఉంగరానిదే అయితే అన్నీ తీసేద్దాం. ఒక్కటి కూడా ఉండనివ్వను" అన్నాడు. రేంజరుగారు, "అదే మంచిది, అదే మంచిది" అంటున్నాడు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, స్నానాలు చేసి, చేపల వాంతులు ఒంటి మీద పోయించుకుని చేసిన పనంతా ఒక్క పూటలో పోయేటట్టుంది. ఆ మాట తెలుగులో చెప్పడానికి నేను నోరు తెరిచాను.

అప్పుడు అత్త జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది.

"కడియం కాదు" అంది.

ఎవరికీ వినపడలేదు. మళ్ళీ గట్టిగా అంది. "కడియం కాదురా! తాడు. దిట్టి తాడు. నాను కట్టినాను. ఆ దొర దాని అందం అంతలాగ పొగిడీసరికి నా మనసు ఆగనేదు. రెండో కాలికి నల్లతాడు కట్టి పంపినాను. అదే తగులుకున్నాది. ఏటన్నా అనాలనుంతే నన్నను. ఆ గుంటడ్నీ, నా కోడలి పుట్టింటోల్లనీ అనకండి."

ఇంతలో చెట్టు మీంచి కొబ్బరి దింపేవాడు, "నల్లతాడేనత్తా! తెంపేసినాను!" అని కేకేశాడు.

మీరు ఒక్కటి గమనించాలి. వాడు పైకి చేరకముందే ఆవిడ చెప్పేసింది. ఊరుకుని ఉంటే తాడు తెగి ఎక్కడో ఆకుల్లో పడేది, నింద కడియం మీద ఉండేది, మంత్రసాని మాటకు తిరుగు లేకుండా ఉండేది. ఊరి ముందు తల దించుకోవడం ఆవిడకి అలవాటు లేని పని. నేను ఆ తర్వాత పెద్ద పెద్ద ఆఫీసర్ల దగ్గర పనిచేశాను. తప్పు జరిగిన రోజున కింది గుమాస్తా కోసం చూసేవాళ్ళే అందరూ. అది నాదిరా అని ముందుకు వచ్చిన మనిషిని ఆ పెరట్లో తప్ప మళ్ళీ చూడలేదు.

పిల్లను దింపారు. కాలు వాచింది, తాడు ఒరుసుకున్న చోట చర్మం లేచింది. కడియం వేసిన కాలు మాత్రం శుభ్రంగా ఉంది. రష్యా ఆయన కింద చతికిలబడి పిల్లను ఒళ్ళో పెట్టుకుని, ఆ కాలిని మెల్లగా చాచి పట్టుకున్నాడు. అత్త ఎదురుగా కూర్చుని కొబ్బరినూనెలో పసుపు రంగరించి పట్టించింది. ఆవిడ "ఇటు తిప్పు" అంటే ఆయన తిప్పాడు. ఆయన ఏదో గొణిగితే ఆవిడ "ఊఁ" అంది. నేను పక్కనే నిలబడ్డాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

పిల్లను మళ్ళీ గూట్లో పెట్టించాం. ఇక మిగిలింది ఒక్కటే. తల్లి దాన్ని దగ్గరికి రానిస్తుందా? రానివ్వకపోతే కడియమైనా తాడైనా ఒకటే, ఊరు మాకు మళ్ళీ చెట్టు చూపించదు. అందరం దూరంగా జరిగి గోడల నీడలో కూర్చున్నాం. ఎండెక్కింది. ఒక్కరూ ఇంటికి వెళ్ళలేదు. రేంజరుగారు కళ్ళు మూసుకుని ఏదో స్తోత్రం చదువుకుంటున్నాడు. రష్యా ఆయన దుర్భిణి కూడా పెట్టుకోలేదు, ఉత్త కళ్ళతోనే పైకి చూస్తూ కూర్చున్నాడు.

తల్లి చాలాసేపటికి వచ్చి గూటికి దూరంగా కొమ్మ మీద వాలింది. మెడ తిప్పి అటు చూసింది, ఇటు చూసింది. లేచిపోయింది. మా అప్ప గట్టిగా నిట్టూర్చింది. కొంతసేపటికి మళ్ళీ వచ్చింది. ఈసారి గూటి అంచునే వాలి, ముక్కు తెరిచింది. కుంటుకుంటూ ఆ పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి తల దూర్చేసింది.

ఊరంతా ఒక్కసారి లేచింది. కేకలు వేస్తే బెదురుతుందని నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు. రేంజరుగారు నన్ను కావలించుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. పొద్దున్న మా బావను నిష్ఠూరమాడినవాడు వచ్చి, "కోపమేటి అన్నా, పచ్చుల మీద పేనం" అని మా బావ భుజం తట్టాడు. మా అప్ప కొంగు తీసి, "లెగండి, అందరూ అన్నాలు తిందురు గాని" అంది. ఆ పూట దాని చేతి అన్నం తిన్నవాళ్ళలో రష్యా ఆయన, బొంబాయి ఆయన, రేంజరుగారు, చెట్టెక్కినవాడు అందరూ ఒకే వరసలో కూర్చున్నారు. కడియాలు అలాగే ఉండిపోయాయి. ఎండలు ముదరగానే పక్షులు వాటితోనే లేచిపోయాయి.

తర్వాత పక్షులు మళ్ళీ వచ్చాయి, వెళ్ళాయి. మా రేంజరుగారికి బదిలీ అయింది. కబురేమీ రాలేదు. నేను ఎప్పుడు వెళ్ళినా అత్త మొదట అడిగేది అదే. లేదంటే, "రంగం నించి రాడానికే ఏళ్ళు పడతాది" అని సర్దుకునేది. చివరికి ఒకరోజు బొంబాయి ఆయన నుంచి కబురు వచ్చింది. కొల్లేరులో ఒక జాలరి వలలో గూడబాతు చిక్కుకుంది. కాలికి ఏదో ఉందని చూసి, వాడు ఊళ్ళో పంతులుగారిని పిలుచుకొచ్చి నంబరు చదివించి, పక్షిని వదిలేశాడు. అది అత్త పెరట్లో వేసిన కడియమే. ఆ జాలరి ముఖం నాకు తెలియదు. కూర వండుకున్నా అడిగేవాడు లేడు ఆ రోజుల్లో. ఇప్పటికీ అతణ్ణి తలుచుకుని ఒక నమస్కారం పెట్టుకుంటాను.

సైకిలెక్కి ఆ ఊరు వెళ్ళాను గానీ దారంతా సంకోచమే. రష్యా అనుకున్నవాళ్ళకి కొల్లేరని ఎలా చెప్పడం? రైలెక్కితే చేరిపోయే చోటు.

అత్త మొదట అడిగింది ఊరు కాదు. "బతికున్నాదా?"

"బతికున్నాదత్తా. వల్లో పడితే ఇడిసిపెట్టేడట."

"ఆడి కడుపు సల్లగుండ" అంది. తర్వాత ఊరు చెప్పాను. మా బావ వెంటనే, "కొల్లేరా! ఓసోస్, రస్సా అనుకున్నాం. మన పక్కనే ఇచ్చినామన్నమాట!" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరి గర్వమూ తగ్గలేదు. పిల్లను దగ్గర సంబంధం చేసుకున్నామన్నట్టు ఇంకాస్త సంబరపడ్డారు. అత్త కూడా నవ్వింది. అందరూ వెళ్ళాక నన్ను ఆపి, చిన్న గొంతుతో అడిగింది.

"మడుసులికి కూడా ఏత్తారేటి బావూ, అలాటి కడియాలు?"

లేదత్తా అన్నాను. కానీ టెక్కలి వచ్చాక నిద్ర పట్టలేదు. బొంబాయి ఆయనకు రాశాను. పిల్ల పేరు, మొగుడి పేరు, వాళ్ళ ఊరు, వెళ్ళిన సంవత్సరం, మాకు తెలిసినంత వరకు ఆ మిల్లు ఉన్న పేట. ఇది పక్షుల సంగతి కాదు, మన్నించండి, అని కూడా రాశాను. ఆయన మన్నించడమే కాదు, రంగూన్ అటవీ శాఖలో పనిచేసే తన స్నేహితుడికి పంపాడు. ఆ స్నేహితుడు బర్మావాడే. కడియాల కబుర్లు ఇచ్చిపుచ్చుకోవడం తప్ప వీళ్ళిద్దరికీ ముఖపరిచయం కూడా లేదు.

జవాబు రావడానికి చాలా నెలలు పట్టింది. తీసుకుని వెళ్ళాను. అత్త పెరట్లో చెట్టు కింద ఊడుస్తోంది. నన్ను చూసి చీపురు పక్కన పెట్టింది.

"ఎతికారత్తా. దొరకనేదు" అన్నాను.

"ఎవులెతికారు?"

"రంగంలో ఒకాయన. పచ్చుల పని సేసే మడిసి."

"మనోడా?"

"కాదత్తా. ఆ దేశపోడే."

"నా పిల్ల పేరు పెట్టి అడిగేడా?"

"మనోల్లుండే ఈదులన్నీ తిరిగి, ఒక్కొక్క ఇంటికాడా పేరు పెట్టి అడిగేడట. మల్లీ ఒకసారి ఎల్లి కూడా అడిగేడట."

ఆవిడ చెట్టు మొదట్లో కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కూతురి పేరు తనే ఒకసారి మెల్లగా అంది. ఆవిడ నోట ఆ పేరు వినడం నాకు అదే మొదలు. "ఇన్నేళ్ళకి ఆ ఊళ్ళో నా పిల్లని ఒకడు పేరెట్టి పిలిసేడు" అంది. చేతులు రెండూ ఎత్తి సముద్రం వైపు తిరిగి దండం పెట్టింది.

"ఆయనకి దండం పెట్టినానని రాయి బావూ."

రాశాను. ఉద్యోగంలో వేల ఉత్తరాలకు దండాలు జతచేశాను. నిజంగా ఒకరు పెట్టిన దండాన్ని ఒకరికి అందించింది ఆ ఒక్క ఉత్తరంలోనే.